ఏటవాలు ఎండ

ఆ ఎండాకాలం మా అమ్మ తిరుగు విమానం ఎక్కలేదు.

ఈ సంగతి మా చుట్టాల్లో రకరకాలుగా పాకింది. అలిగి ఉండిపోయిందని కొందరు, జనంలో తప్పిపోయిందని కొందరు, విమానానికి భయపడిందని ఇంకొందరు. మా పెద్దత్తయితే నేనే ఆవిణ్ణి ఎక్కడో దించేసి చేతులు దులుపుకుని వచ్చానన్నట్టు మాట్లాడింది. జరిగింది జరిగినట్టు తెలిసినవాళ్ళం ముగ్గురమే. మిగతా ఇద్దరికీ కూర్చుని చెప్పే ఓపిక లేదు కాబట్టి నేనే చెబుతున్నాను.

అప్పట్లో నేను ఒక యాత్రల కంపెనీలో గైడుగా చేసేదాన్ని. మా కంపెనీ అమ్మేది ఒకటే సరుకు, ఒక్కరోజు విమానయాత్ర. తెల్లారగట్ల విమానం ఎక్కించి, పాత రాజధానికి తీసుకుపోయి, కోటా, రాజుల సమాధులూ, ఊరేగింపు గోడా చూపించి, మధ్యలో భోజనం పెట్టించి, సాయంత్రం విమానంలో వెనక్కి తెచ్చేయడం. "పొద్దున బయల్దేరండి, రాత్రికి మీ మంచం మీదే పడుకోండి" అని ఆఫీసు గోడ మీద బారెడు అక్షరాలతో రాసి ఉండేది. జనానికి ఆ మాట బాగా నచ్చింది. లోకమంతా ఫోటోల్లో చూసేదాన్ని కళ్ళారా చూడాలని అందరికీ ఉంటుంది. మంచం మారితే నిద్రపట్టని జబ్బు కూడా అందరికీ ఉంటుంది.

గైడు పనంటే చూపించడం అనుకుంటారు గానీ నిజానికి అది తోలడం. ఒకాయన నీళ్ళ సీసా మరిచిపోతాడు. ఒకావిడ చెప్పు తెగుతుంది. ఒక కుటుంబం ఫోటోకని నిలబడితే అందులో ఎవరో ఒకరు కళ్ళు మూసుకున్నారని మళ్ళీ మొదలెడతారు. వీళ్ళందరినీ నొప్పించకుండా తెమిల్చి బస్సెక్కించడంలో నాకు మంచి పేరుండేది. ఆ విద్య నాన్న పోలిక. నాన్న బస్సు డిపోలో కంట్రోలరు. ఆయన రిటైరైనప్పుడు డిపోవాళ్ళు దండేసి పంపారు గానీ, ఆయన డిపోని మాత్రం అక్కడ వదిలి రాలేదు, కూడా తెచ్చుకున్నాడు. మా ఇంట్లో టీకి ఒక వేళ, స్నానానికి ఒక వేళ, గుమ్మం ముందు ఎండ పొడ వచ్చేసరికి కూరలు తరిగి ఉండాలి, పొడ వెళ్ళేసరికి పొయ్యి ఆరిపోవాలి. అమ్మ ఆ బండికి తగ్గట్టే నడిచేది. విసుక్కోవడం నేను చూడలేదు. బట్టలు కుట్టేది కూడా, అంతకు ముందటి చలికాలం దాకా. తర్వాత మిషను సరిగ్గా నడవడం లేదని దాని మీద గుడ్డ కప్పేసింది.

ఎండాకాలం మొదట్లో కంపెనీ మాకు తలా ఒక సీటు ఉచితంగా ఇచ్చింది, ఇంట్లోవాళ్ళని ఎవరినైనా తీసుకురమ్మని. భోజనాల దగ్గర ఆ మాట ఎత్తాను. నాన్న నవ్వాడు.

"రాళ్ళు చూడ్డానికి విమానమెందుకే? మన వీధి చివర బోలెడు పోశారు, రోడ్డు వెయ్యకుండా. వెళ్ళి చూసిరండి."

"నేను వెళ్తాను" అంది అమ్మ.

అన్నం వడ్డిస్తూ అంది. మేమిద్దరం తలెత్తి చూశాం. తనకి ఇది కావాలని అమ్మ నోట నేను ఎప్పుడు విన్నానో గుర్తు రాలేదు.

"వెళ్ళనీ" అన్నాడు నాన్న. "రాత్రి భోజనానికి వచ్చేస్తారుగా."

*

విమానంలో అమ్మకి కిటికీ సీటే ఇప్పించాను. మబ్బుల మీదికి వెళ్ళాక చాలామంది చేసినట్టు కేకలేం పెట్టలేదు. అద్దానికి నుదురు ఆనించి, తల అటూ ఇటూ తిప్పుతూ, ఏదో వెతుకుతున్నట్టు చూసింది. ఎలా ఉందమ్మా అంటే "తెల్లగా ఉంది" అంది.

ఆ రోజు గుంపులో ఒక లెక్కల మాస్టారు ఉన్నాడు. ప్రతిదానికీ ఎంత పొడుగు, ఎంత బరువు, ఎంతమంది మోశారు అని అడిగి, నేను చెప్పిన అంకె మనసులో భాగించి "కుదరదే" అనేవాడు. కోట అంతా ఆయనతోనే సరిపోయింది. అమ్మ వెనక వస్తోందని తెలుసు గానీ పట్టించుకోలేదు. సమాధుల దగ్గర మెట్టు తప్పి పడబోతే డ్రైవరు పట్టుకున్నాడు. "చూసుకుని దిగాలి కదమ్మా" అని అందరి ముందూ కసిరాను. "ఆఁ, చూసుకోవాలి" అంది.

ఊరేగింపు గోడ దగ్గరికి చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఎప్పుడూ ఆ వేళకే చేరతాం. భోజనానికి ముందు మిగిలే సందు అదొక్కటే. అది వీధంత పొడుగు గోడ. పూర్వం ఒక రాజు యుద్ధం గెలిచి ఊళ్ళోకి వచ్చిన రోజుని ఆ చివర నుంచి ఈ చివర దాకా చెక్కించాడు. ముందు బాకాలూదేవాళ్ళు, తర్వాత గుర్రాలు, బళ్ళు, సంకెళ్ళలో ఓడిపోయినవాళ్ళు, ఆ వెనక సామాన్లు మోసేవాళ్ళు, వంటవాళ్ళు, చంకలో పిల్లలతో ఆడవాళ్ళు. చెక్కడం వేలెడు లోతు కూడా ఉండదు. నిట్టనిలువు ఎండలో నీడ పడదు కాబట్టి బొమ్మలు గోడలో కలిసిపోతాయి. ఉతికి ఆరేసిన దుప్పట్లా ఉంటుంది.

అందుకే నేను అక్కడ ఒక మాట చెప్పేదాన్ని. "సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు ఈ బొమ్మలన్నీ ఒక్కొక్కటే లేచి, మన ముందు నుంచి నడిచిపోతున్నట్టుంటాయి." గుంపులో నుంచి ఎప్పుడూ ఒక "ఆహా" వచ్చేది. ఫోటోలు తీసుకునేవాళ్ళు.

అమ్మ నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగింది. "నువ్వు చూశావా?"

"ఏంటి?"

"లేచి నడవడం."

"సాయంత్రానికి మనం ఎయిర్‌పోర్టులో ఉంటాం కదమ్మా."

"మరి చూసినట్టే చెప్తున్నావు!"

"అందరు గైడులూ చెప్పేదే. భోజనానికి పద."

తిన్నాక బస్సెక్కించి తలలు లెక్కపెట్టాను. ఒకటి తక్కువైంది. ఎవరో చెప్పు కోసం వెళ్ళి ఉంటారనుకున్నాను. మాస్టారు కిటికీలోంచి చెయ్యి చాపి గోడవైపు చూపించాడు. "మీ అమ్మగారే. లెక్క అక్కడ తప్పింది."

అమ్మ గోడకి ఎదురుగా రాతి అరుగు మీద కూర్చుంది. ఒళ్ళో సంచీ, దాని మీద చేతులు.

"బస్సు బయల్దేరుతోందమ్మా."

"బయల్దేరనీ. నువ్వెళ్ళు."

"నువ్వో?"

"నాకేమీ కనపళ్ళేదే. నేను సాయంత్రం దాకా కూర్చుంటాను."

"ఎవరికీ సరిగ్గా కనపడదు. ఎండ అలాంటిది."

"మీకు కొంచెమన్నా కనపడిందిగా, ఆహా అన్నారు."

"సాయంత్రం తర్వాత ఎలా వస్తావు? విమానం నీ కోసం ఆగుతుందా?"

"నువ్వు ఎల్లుండి మళ్ళీ వస్తావుగా. అప్పుడు చూద్దాం."

చెయ్యి పట్టుకుని లేపబోయాను. రెండో చేత్తో అరుగు అంచు పట్టుకుంది.

"లాగకే. చిన్నప్పుడు నిన్ను బడికి ఇలాగే లాక్కెళ్ళేదాన్ని. ఏడుస్తూ వచ్చేదానివి. ఇప్పుడు నేనిక్కడ కూర్చుని ఏడిస్తే మీ కంపెనీకి బావుంటుందా?"

ఏడ్చే మొహం కాదది. అదే నన్ను ఆపింది. ఈలోగా డ్రైవరు వచ్చాడు. సంగతి విని, అదేం పెద్ద విషయం కానట్టు తల ఊపాడు.

"మా పెద్దమ్మ ఈ వెనక వీధిలోనే గదులు అద్దెకిస్తుంది, మేడం. మిమ్మల్ని దింపేసి వచ్చి అమ్మగారిని నేను అప్పజెప్తాను. ముందు బస్సులోవాళ్ళ సంగతి చూడండి, ఏసీ పనిచెయ్యట్లేదని గొడవ."

నేను బస్సెక్కాను. నా వెనక బస్సెడు మందికి విమానం ఉంది. అమ్మకి నీళ్ళ సీసా, నా గొడుగు ఇచ్చాను. ఇంకేం చెయ్యాలో తోచలేదు. ఎయిర్‌పోర్టులో కౌంటరమ్మాయి "ఒకరు రాలేదా?" అంటే "రారు" అన్నాను. పేరు కొట్టేసింది. మేనేజరు ఫోన్లో "మీ అమ్మగారు కాబట్టి సరిపోయింది, ఇంకెవరైనా అయితే కంపెనీ ఏమయ్యేది?" అన్నాడు. అమ్మ ఏమైందని మాత్రం అడగలేదు.

*

నాన్న కంచాలు పెట్టుకుని కూర్చున్నాడు.

"మీ అమ్మేది?"

"అక్కడే ఉంది."

"ఎక్కడే?"

"గోడ దగ్గర. సాయంత్రం ఎండలో చూడాలంది."

డిపోలో బస్సు రాకపోతే ఆయన అడిగే ప్రశ్నలన్నీ వరసగా అడిగాడు. చెప్పి ఉండిపోయిందా, చెప్పకుండానా? ఎవరికి అప్పజెప్పావు? తిండీ తిప్పలూ ఎలా? అన్నిటికీ జవాబు చెప్పాను. అడగాల్సినవి అయిపోయాక అమ్మ కంచం తీసి పక్కన పెట్టాడు.

"ఫోన్ చెయ్యి నాన్నా."

"నేనెందుకు చేస్తాను? వెళ్ళింది ఎవరు?"

మర్నాడు పొద్దున లేచేసరికి ఆయన వంటింట్లో ఒక్కొక్క డబ్బా మూత తీసి వాసన చూస్తున్నాడు. టీపొడి కోసం. అన్నేళ్ళలో అది ఏ డబ్బాలో ఉంటుందో ఆయనకి తెలియాల్సిన పని పడలేదు. దొరికాక, పాలు పొంగాయి. పొంగిన పాలు తుడిచి, గుడ్డ ఎక్కడ ఆరెయ్యాలో తెలియక చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఆ రోజు మా ఇంట్లో ఏదీ వేళకి జరగలేదు. ఆయన గడియారం వైపు చూడటం మానేసి వీధిలోకి చూస్తూ కూర్చున్నాడు.

*

తర్వాతి యాత్రకి వెళ్ళేసరికి అమ్మ అక్కడ పాతకాపులా ఉంది. గదులావిడతో అప్పుడే వదినా వదినా అనుకునే దాకా వచ్చిందట. పొద్దున ఆవిడకి కూరలు తరిగిపెట్టడం, ఎండ వాలాక గోడ దగ్గరికి రావడం. ఆ రోజు నేను వస్తానని ముందే వచ్చి అరుగు మీద కూర్చుంది. గుంపుని భోజనానికి కూర్చోబెట్టి నేను ఆమె దగ్గరికి వెళ్ళాను.

ఎడమవైపు నుంచి వెళ్ళాను. చెయ్యి ఊపుకుంటూ వచ్చి, పక్కనే నిలబడ్డాను. అమ్మ ఎదురుగా చూస్తూనే ఉంది. పరాచికమాడుతోందనుకున్నాను. అరచెయ్యి ఆమె చెవి పక్క నుంచి మెల్లిగా ముందుకి జరిపాను. రెప్ప వెయ్యలేదు. చెయ్యి దాదాపు ముక్కు ముందుకొచ్చాక ఉలిక్కిపడింది.

"వచ్చావా! ఎంతసేపైంది?"

నేను అరుగు మీద కూర్చున్నాను. అద్దానికి నుదురు ఆనించి తల తిప్పుతూ వెతకడం, సమాధుల దగ్గర మెట్టు, గుడ్డ కప్పిన మిషను. ఒక్కొక్కటే వచ్చి పక్కన కూర్చున్నాయి.

"ఎప్పట్నుంచి అమ్మా?"

అమ్మ నా మొహం వైపు పూర్తిగా తిరిగింది. అలా తిరిగితేనే కనపడతానని ఇప్పుడు తెలుస్తోంది.

"చలికాలంలో తెలిసింది. అంతకు ముందు నుంచే ఉందేమో. పక్కల నుంచి తెర మూసుకొస్తున్నట్టుంటుంది. మధ్యలో బాగానే ఉంటుంది."

"డాక్టరు దగ్గరికి వెళ్ళావా?"

"వెళ్ళి ఏం వినాలి? మా అమ్మకీ ఇలాగే మొదలైంది."

అమ్మమ్మని నేను చూశాను. వరండా మూల పేము కుర్చీలో ఉండేది. మంచి హుషారైన మనిషట. నాకు తెలిసేసరికి ఆవిణ్ణి పొద్దున కూర్చోబెట్టి, సాయంత్రం లేపేవాళ్ళు. ఆవిడ ఎదురుగానే ఆవిడ గురించి మాట్లాడుకునేవాళ్ళు, తిన్నదా, పడుకుందా అని.

"ఇన్నాళ్ళూ మా ఎవ్వరికీ చెప్పకుండా..."

"చెప్తే మీ నాన్న ఆ రోజే నాకో కుర్చీ కొనేవాడు" అంది అమ్మ. నవ్వుతూనే అంది. "నేను చూసిందేముందే? ఇల్లూ, బజారూ. ఒక్కటైనా పెద్దది, అందరూ చూసేది, తాపీగా చూడాలనిపించింది. మీకు గోడంతా ఒక్కసారి కనపడుతుంది. నాకు ఒక్కొక్క మనిషే. అందుకే ఇంతసేపు. నిన్న సాయంత్రానికి గుర్రాలయ్యాయి. ఇవాళ బళ్ళు."

"నిజంగానే లేస్తాయా?"

"లేస్తాయి. ఎండ వంగేకొద్దీ ముందు ముక్కులు లేస్తాయి, తర్వాత మోకాళ్ళు. నువ్వు చెప్పేది అబద్ధం కాదులే."

ఆ పూట నేను ఆమెని రమ్మని అడగలేదు. "గోడ అయ్యాక వస్తాను. డాక్టరు దగ్గరికీ వస్తాను. మీ నాన్నకి మాత్రం చెప్పకు" అంది. సరేనన్నాను.

*

మర్నాడు టీ దగ్గర నాన్నకి చెప్పేశాను.

ముందు ఆయన "అద్దాలు మార్పిస్తే సరి" అన్నాడు. అమ్మమ్మకి వచ్చిందేనేమో అన్నాను. గ్లాసు కింద పెట్టాడు. అత్తగారి కుర్చీ ఆయనా చూశాడు కదా.

"గుమ్మానికి గుద్దుకుంది" అన్నాడు. "నీళ్ళ బిందె కూడా ఓసారి... ఎటు చూస్తున్నావు అన్నాను."

ఆయన నా వైపు తిరిగాడు.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెప్తే ఏం చేసేవాడివి నాన్నా?"

"ఏం చేస్తాను? అదే రోజు డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేవాణ్ణి."

"తర్వాత?"

"తర్వాత పొయ్యి దగ్గరికి వెళ్ళనిచ్చేవాణ్ణి కాదు. బజారు మానిపించేవాణ్ణి. కదలకుండా ఒకచోట హాయిగా కూర్చోమని..."

అక్కడ ఆగిపోయాడు. టీ మీద మీగడ కట్టింది. దాన్ని వేలితో పక్కకి తీసి, తాగకుండానే లేచాడు. చొక్కా ఇస్త్రీ చేసుకున్నాడు, ఎక్కడికీ వెళ్ళే పని లేకపోయినా. మధ్యాహ్నం నేను ఆఫీసుకి బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చాడు.

"శనివారం సీటుందా?"

"ఉంటుంది. కానీ నీకు ఉచితం కాదు."

"నేను అడిగానా?"

*

శనివారం విమానం కాస్త ఆలస్యమైంది. నాన్న ఆ సంగతి విమానంలో నీళ్ళిచ్చే అమ్మాయితో సహా అందరికీ చెప్పాడు. కోటలోనూ సమాధుల దగ్గరా గుంపు కంటే ముందు నడిచి, చివరి మెట్టు మీద నిలబడి, వెనకబడ్డవాళ్ళని చేత్తో రమ్మని పిలిచేవాడు. ఆ రోజు నాకు పని తగ్గింది.

అమ్మ గొడుగు కింద కూర్చుని ఉంది. నాన్న వెళ్ళి ఎదురుగా నిలబడ్డాడు.

"వచ్చారా?"

"విమానం ఆలస్యం."

"టిఫిన్ తిన్నారా?"

"పెట్టారు. ఉప్పు లేదు."

అంతే. దెబ్బలాడుకుంటారని, ఏడుస్తారని, నేను దూరంగా నిలబడి రకరకాలుగా ఊహించుకున్నాను. నాన్న అరుగు మీద ఆమెకి ఎడమ పక్కన కూర్చున్నాడు.

"అటు కాదు, ఇటు రండి" అంది అమ్మ. "ఆ పక్క మీరున్నా లేకపోయినా నాకు ఒకటే."

ఆయన లేచి, చుట్టూ తిరిగి వచ్చి, కుడి పక్కన కూర్చున్నాడు. గోడ వైపు చూశాడు. తెల్లటి ఎండ. గోడ మీద ఏమీ లేదు.

"ఏముంది ఇక్కడ?" అన్నాడు.

"ఆగండి మరి" అంది అమ్మ.

బస్సు వేళకి వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. నేను దగ్గరికి వెళ్ళేసరికి నాన్న గడియారం చూసుకున్నాడు.

"నువ్వు బయల్దేరు. నీ వల్ల బస్సు ఆలస్యం కాకూడదు."

"మరి నువ్వు? నీ టికెట్టు?"

"మీ అమ్మ ఆగమంది" అన్నాడు, పై అధికారి ఉత్తర్వు వచ్చినట్టు.

ఆ వారం ఇంట్లో నేనొక్కదాన్నే. ఎవరూ టీకి పిలవలేదు. ఆకలేసినప్పుడు తిన్నాను. ఆ నిశ్శబ్దం మొదటి రోజు బావుంది.

అక్కడ ఏం జరిగిందో తర్వాత గదులావిడ చెప్పింది. మొదటి సాయంత్రం ఎండ వాలి బొమ్మలు లేస్తుంటే నాన్న అరుగు మీద నుంచి లేచి నిలబడిపోయాడట. మర్నాటి నుంచి ఇద్దరూ గోడ వెంట నడిచేవాళ్ళు. అమ్మ ఎదురుగా ఉన్న ఒక్క మనిషిని చూస్తుంటే, ఆ మనిషి పక్కన ఏముందో నాన్న చెప్పేవాడు. వీడి చెయ్యి వెనకవాడి భుజం మీద ఉంది. ఆ వెనకవాడు కుంటుతున్నాడు. కింద ఒక కుక్క ఉంది, నీకు కనపడదు, కొంచెం తల దించు, ఆఁ, అదే. ఆయన చెప్పింది అమ్మ ఊరికే నమ్మేది కాదు. తిరిగి చూసి, కుక్క కాదు మేక అనేది. గోడ చివరికొచ్చేసరికి వాళ్ళకి బాగా వాదన పెరిగిందట. ఊరేగింపులో అందరికంటే ఆఖరివాడు, తల మీద మూటతో, నోరు తెరుచుకుని ఉంటాడు. యుద్ధం గెలిచారు కాబట్టి వాడు నవ్వుతున్నాడని నాన్న. పొద్దుట నుంచి మోసి మోసి ఆవలిస్తున్నాడని అమ్మ.

వాళ్ళు నా విమానంలోనే తిరిగొచ్చారు. నాన్న సొంత డబ్బుతో టికెట్లు కొన్నాడు. బస్సులో తలలు లెక్కపెడితే ఆ రోజు ఇద్దరు ఎక్కువయ్యారు.

*

డాక్టరు కంట్లోకి లైటు వేసి చాలాసేపు చూసింది. గ్లాకోమా, నీటికాసులు అంది. ఇంకా ముందే రావాల్సిందని అందరికీ చెప్పేదే మాకూ చెప్పింది. పోయిన చూపు రాదు. ఉన్నది చుక్కల మందుతో నిలబెట్టుకోవచ్చు, ఒక్క పూట కూడా మానకూడదు. అమ్మమ్మ రోజుల్లో ఈ మందుల్లేవు.

ఆసుపత్రి వరండాలో నాన్న మందుల కోసం నిలబడి వచ్చేసరికి అమ్మ సిద్ధంగా ఉంది.

"ఇప్పుడే చెప్తున్నాను. వంట నేనే చేస్తాను. బజారుకి నేనే వెళ్తాను. గుద్దుకుంటే గుద్దుకుంటాను. నా ఎదురుగా నా గురించి డాక్టరుతో మీరు మాట్లాడకండి. నేను మాట్లాడతాను."

నాన్న ఏదో అనబోయాడు. వరండా నిండా కుర్చీలు, వాటిలో కళ్ళకి గుడ్డలు కట్టుకున్న మనుషులు. వాళ్ళని చూశాడు.

"చుక్కలు?" అన్నాడు.

"చుక్కలు మీరు వెయ్యండి. నా చెయ్యి సరిగ్గా కుదరదు."

ఎండాకాలం చివర ఒకరోజు మేనేజరు గదికి వెళ్ళి, ఆఖరి విమానానికి మారిస్తే జనం గోడని సాయంత్రం చూడొచ్చని చెప్పాను. ఆయన నా వెనక ఆఫీసు గోడ మీద బారెడు అక్షరాలతో ఉన్న "రాత్రికి మీ మంచం మీదే" చూపించాడు. సరేనని వచ్చేశాను. ఆ తర్వాత యాత్రల్లో గోడ దగ్గర నా మాట కొంచెం మార్చాను. "ఈ వేళప్పుడు ఇక్కడ ఏమీ కనపడదండి. చూడాలంటే ఉండిపోవాలి" అనేదాన్ని. చాలామంది నవ్వేవాళ్ళు. ఒకళ్ళిద్దరు మాత్రం బస్సెక్కే ముందు నన్ను పక్కకి పిలిచి, గదులెక్కడ దొరుకుతాయని అడిగేవాళ్ళు. వానలు మొదలయ్యాక యాత్రలు ఆపేశారు. నేను వేరే ఉద్యోగం చూసుకున్నాను.

ఇంట్లో వేళలన్నీ పోయాయి. టీ అమ్మ లేచినప్పుడు. కూరలు ఆమెకి వీలైనప్పుడు. చుక్కల మందుకి మాత్రం నాన్న కంట్రోలరే. వాన పడుతున్న ఒక సాయంత్రం నేను తడిసి ఇంటికొచ్చేసరికి, అమ్మ కిటికీ దగ్గర తల వెనక్కి వాల్చి కూర్చుని ఉంది. నాన్న ఒక చేత్తో ఆమె గడ్డం పట్టుకుని, రెండో చేత్తో సీసా తలకిందులుగా పెట్టి, ఊపిరి బిగబట్టి గురి చూస్తున్నాడు.

"ఎవడైనా మూట మోస్తూ నవ్వుతాడా?" అంటోంది అమ్మ పైకప్పు వైపు చూస్తూ.

"గెలిచాక నవ్వరా? కదలకు."

"గెలిచింది రాజు. వీడికేం వచ్చింది? ఆవలింతే అది."

"ఇదిగో, మాట్లాడితే చుక్క బుగ్గ మీద పడుతుంది. మొన్న అలాగే పోయింది."

"ఆవలింతని ఒప్పుకోండి, ఊరుకుంటాను."

చుక్క సీసా మూతి దగ్గర వేలాడుతోంది. నాన్న దాన్నే చూస్తున్నాడు.

"సరే, ఆవలింతే" అన్నాడు. "కళ్ళు తెరువు."